ఆ రెండేండ్లు బీడే

అనంతపురం,
19 జనవరి 2025

భద్రమ్మత్తకు,

నేను హేమావతిని, నీ తమ్ముడు హనుమంతరాయుడి కూతురిని. మేనత్తకు ఇట్ల పరిచయం చేసుకోవాల్సి రావడం నాకే సిగ్గుగా ఉండాది. నువ్వు నన్ను చివరగా చూసినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ పొద్దు నా జడలో కనకాంబరాలు పెట్టింది నువ్వే.

నీ నంబరు సంపాదించి మూడుసార్లు ఫోన్ చేసినాను. మూడుసార్లూ "ఆ... ఆ... సరే" అని పెట్టేసినావు. కడపటిసారి కోపమొచ్చి "నేను చచ్చిపోతే అయినా వస్తావా అత్తా?" అన్నాను. దానికి కూడా "ఆ, సరే" అన్నావు! నాతో మాట్లాడే ఇష్టం లేదని అర్థమయింది. అందుకే కాగితం. దీన్ని మధ్యలో పెట్టేయలేవు గదా.

నా సంగతి చెప్తాను. బీకాం అయింది. చీరల షోరూములో బిల్లులు కొట్టినా, మానేసినా. లోన్ల కంపెనీలో ఫోన్లు చేసినా, మానేసినా. మూడో నెల వచ్చేసరికి కుర్చీ గుచ్చుకుంటాది నాకు. ఇప్పుడు కోర్టు ఎదురుగా ఎలిజబెత్ మేడమ్ అనే లాయరమ్మ ఆఫీసులో టైపింగు చేస్తాండాను. ఇక్కడ మాత్రం ఎట్లనో నిలబడినా. అమ్మ నమ్మలేక ఒకసారి వచ్చి చూసిపోయింది. మనుషులు బయట బెంచీ మీద ఒక కథ చెప్పుకుంటారు, లోపలికొచ్చి మేడమ్‌కు ఇంకో కథ చెప్తారు, నేను టైపు కొట్టేది మూడో కథ. అందుకేనేమో నాకు విసుగు రాలేదు.

ఒకరోజు మన కథ కూడా మేడమ్‌కు చెప్పినా. నాకు తెలిసింది ఇదీ, తప్పయితే దిద్దు. రెండేండ్లు వాన లేక అమ్మానాయనా నన్ను నీ దగ్గర వదిలి బెంగళూరుకు సెంట్రింగు పనికి పోయినారు. తిరిగొచ్చేసరికి గుట్ట కింద మన నాలుగెకరాల్లో మన ఊరి విజయభాస్కర్ చెనిక్కాయ వేసి ఉండినాడు. నాయన కేసు వేసినాడు. నిన్ను సాక్షిగా పిలిపిస్తే, నువ్వు మనకు ఎదురుగా చెప్పినావు. 2016లో కేసు కొట్టేసినారు. నువ్వు ఊరు విడిచి తాడిపత్రికి పోయినావు. అప్పటినుంచి మా ఇంట్లో నీ పేరు ఎత్తితే నాయన అన్నం దగ్గరనుంచి లేచిపోతాడు.

మేడమ్ అంతా విని, "మీ నాయన కేసు ఓడిపోయినాడు పాపా. భూమి ఓడిపోయినాడా లేదా అనేది వేరే సంగతి" అనింది. భూమి తిరిగి ఇప్పించమని కొత్త దావా వేయొచ్చేమో చూద్దాం అంటాంది. పాత తీర్పు దానికి అడ్డం వస్తాదా రాదా అన్నదే మొదటి ప్రశ్న. ఇంకోటి, భూమి పోయి ఈ జూన్‌కు పన్నెండేండ్లు నిండుతాయి. అది దాటితే అడిగే దారే మూసుకుపోతాదంట.

నువ్వు మళ్ళీ కోర్టుకు రావల్ల అత్తా. సాక్ష్యం చెప్పల్ల. వస్తావా, రావా? నేను రాస్తున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు.

నీ మేనకోడలు (ఇంకా అనుకుంటే),
హేమావతి

*

తాడిపత్రి,
27 జనవరి 2025

హేమా పాపకు అత్త దీవెనలు.

బతికే ఉండాను. నీ జాబు చేరింది. నీ చేతిరాత మీ అమ్మ ఓబులమ్మ ముగ్గు మాదిరి వంకర్లు పోకుండా బాగుండాది.

మొదట దిద్దమన్నావు గదా, దిద్దుతా. అవి కనకాంబరాలు కాదు, డిసెంబరాలు. గోడ పక్కన ఊదారంగు చెట్టు. మర్చిపోయినావు.

మూడో నెలకు కుర్చీ గుచ్చుకునేది మీ నాయన గుణమే. చిన్నప్పుడు పంతులు ముందర కూర్చోబెడితే కిటికీలోనుంచి దూకి నా దగ్గరికి వచ్చేవాడు.

ఇంక అసలు మాట. నిన్ను పంపింది మీ నాయనే గదా? తెలియదని రాస్తే నమ్ముతానా? పదేండ్ల కిందట ఏం చెప్పమన్నాడో ఇప్పుడూ అదే చెప్పమంటాడు. "రెండేండ్లూ చేను నేనే చేసుకుంటాంటిని, పంట ఉండింది అని చెప్పక్కా" అన్నాడు. నేను ఏం చెప్పినా? ఆ రెండేండ్లు బీడే అన్నా. ఇప్పుడు పిలిచినా బీడే అంటా. ముసలిదాన్నయినా బీడు బీడే. అందుకని నన్ను పిలవొద్దు. రాను.

ఫోన్ చేయొద్దు. రాయాలనిపిస్తే రాయి.

మీ అత్త,
భద్రమ్మ

*

అనంతపురం,
6 ఫిబ్రవరి 2025

అత్తకు,

డిసెంబరాలే. ఒప్పుకున్నా. మిగతాది ఒప్పుకోను.

అబద్ధం చెప్పమని నేను యాడ రాసినాను? నా జాబు మళ్ళీ చదువు. నాయన పంపలేదు. నాయనకు తెలిస్తే నన్ను ఆఫీసు మాన్పిస్తాడు. నువ్వు మమ్మల్నందరినీ ఒకే గంపలో వేసి మూత పెట్టేసినావు.

ఊర్లో అనేది కూడా చెప్తా, దాచను. విజయభాస్కర్ బావమరిదికి తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ ఉండాదంట. నీకు పని ఇప్పించింది వాళ్ళేనంట. సాక్ష్యం వాళ్ళ దిక్కు చెప్పినందుకు. నేను నమ్మలేదు ఇన్నాళ్ళూ. కానీ నువ్వు "ఫోన్ చేయొద్దు" అని కలెక్టరు మాదిరి ఆర్డరు వేస్తే, "రాను" అని ఒక్క మాటతో కొట్టేస్తే, ఏమనుకోవల్ల?

రెండేండ్లు నీ పక్కలో పడుకున్నదాన్ని. నువ్వు ఊరు విడిచేటప్పుడు నాకు చెప్పి కూడా పోలేదు. బడినుంచి వస్తే ఇంటికి తాళం.

హేమావతి

*

తాడిపత్రి,
15 ఫిబ్రవరి 2025

హేమా,

నీ జాబు చదివి రెండు దినాలు పనికి పోలేదు. పోయినాను అని రాస్తే అబద్ధం అయితాది గనక ఉన్నదే రాస్తాండా.

నాకు పని ఇప్పించింది సువార్త. ఈడ బస్టాండులో మూట పట్టుకుని కూర్చునుంటే, "ఏమ్మా, ఎవరి కోసం?" అని అడిగిన ఆయమ్మ. బైబిలు చదువుకునే మనిషి. వాళ్ళ వసారాలో నన్ను పడుకోబెట్టి, పొద్దున తన వెంబడి బండల పాలిష్ మిషన్ దగ్గరికి తోడుకోపోయింది. విజయభాస్కర్ బావమరిది ఎర్రగుంటాడో నల్లగుంటాడో నాకు తెలియదు.

ఆ మిషన్ తిరిగినంతసేపు పక్కన మనిషి అరిచినా వినపడదు. ఐదారేండ్లు అట్ల గడిచినాక, మిషన్ ఆపినా వినపడడం మానేసింది. చెవులు పోయినాయి పాపా. సువార్త మాట్లాడితే పెదవులు చూసి కొంచెం తెలుసుకుంటా. ఫోన్‌కు పెదవులు ఉండవు గదా. ఎవరు చేసినా "ఆ, సరే" అనేసి పెట్టేస్తా. నువ్వని కూడా తెలియదు నాకు.

చచ్చిపోతే వస్తావా అని అడిగినావా? అట్ల అడగొద్దు. బతికుండంగానే వస్తా, యాడున్నా వస్తా. తాళం సంగతి అంటావా, నిన్ను చూస్తే కాలు కదలదని నువ్వు బడికి పోయినాకే పోయినా.

సాక్ష్యం ఎందుకు అట్ల చెప్పినావని నువ్వు అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆ రెండేండ్లు నా మేకలు మేసింది ఆ చేన్లోనే. ఊరంతా చూసినారు, నువ్వూ వెంబడి వచ్చినావు. పంట ఉండిందని చెప్తే, మరి నా మేకలు మేసింది చెనిక్కాయ చెట్లా? మా నాయన ఇచ్చిన చేను గురించి అబద్ధం చెప్పి మా నాయన చేనును తెచ్చుకోవల్లనా? అంతే. పెద్ద న్యాయమేం కాదు. నోరు రాలేదు.

చెవుల సంగతి మీ నాయనకు చెప్పొద్దు. వాని వల్లనే నేను ఈడికి వచ్చినానని, వాని వల్లనే పోయినాయని పెట్టుకుంటాడు మనసులో. వాడు పెట్టుకుంటే ఒక పట్టాన తియ్యడు.

అత్త

*

అనంతపురం,
2 మార్చి 2025

నా భద్రమ్మత్తకు,

నీ జాబు ఆఫీసులోనే చదివినా. మేడమ్ చూసి ఏమీ అడగకుండా ఫ్యాను నా దిక్కు తిప్పి పోయింది. పోయిన నెల రాసిన జాబును నువ్వు చించేసుంటే సంతోషం. చించకుంటే ఇప్పుడు చించేయి.

నాయనకు చెప్పను. ఒట్టు.

ఇప్పుడు ఒక సంగతి రాస్తా, నిదానంగా చదువు. కోర్టునుంచి పాత కేసు నకళ్ళు వచ్చినాయి. నీ సాక్ష్యం తెలుగులోనే రాసుకున్నారు. పదేండ్లలో మా ఇంట్లో ఒక్కరు కూడా దాన్ని చదవలేదత్తా! "బీడే అనింది" అన్న ఒక్క మాట కోర్టు వాకిట్లోనుంచి ఊర్లోకి వచ్చింది, తక్కిందంతా అక్కడే ఉండిపోయింది. అవతలి లాయరు అడిగినవి, నువ్వు చెప్పినవి ఇవీ:

"ఆ రెండేండ్లు చేన్లో ఏం పంట ఉండింది?"
"ఏ పంటా లేదు. బీడే. నా మేకలు మేసినాయి."
"విజయభాస్కర్ ఎప్పుడు దున్నినాడు?"
"రెండేండ్ల కిందటి ముంగారు వానలకు. మృగశిర కార్తె ముగిసే వారం. నేను మడక ముందర నిలబడినా. ఆపలేదు, పక్కకు తిప్పి దున్నినాడు."
"అంటే భూమి ఆయనదనే గదా?"
"భూమి మా తమ్మునిది. మా నాయన ఇచ్చినాడు. దున్నినోడిదే అయితే, ఎద్దులది కావల్ల ముందు."

ఇది చదివి మేడమ్ కండ్లద్దాలు తీసి నవ్వింది. మడక ముందర నిలబడినావా అత్తా? మాకు ఎందుకు చెప్పలేదు? చెప్పడానికి మేము యాడ నిలబడినాం గనక.

మేడమ్ నాకు చెప్పింది నీకు చెప్తా. ఒకసారి కోర్టు తేల్చేసిన దాన్ని అదే మనుషులు మళ్ళీ తెచ్చి తవ్వకూడదు. మంచి కట్టుబాటే, లేకుంటే ఏ కేసూ ముగియదు. కానీ కోర్టు ఏది తేల్చింది అని చూడల్ల. అప్పటి మన లాయరు సులువుగా అయిపోతాదని "భూమి నా చేతిలోనే ఉండాది, విజయభాస్కర్‌ను లోపలికి రానీయొద్దు" అని వేసినాడు. జడ్జిగారు చూసింది ఆ ఒక్కటే, కేసు వేసిన దినానికి భూమి ఎవరి చేతిలో ఉండాది అని. నాయన చేతిలో లేదని తేలింది, కొట్టేసినారు. భూమి ఎవరిదనే జోలికే పోలేదు. మన రోలు పక్కింట్లో ఉండాదని తేలితే, రోలు పక్కింటోళ్ళది అయిపోతాదా?

కాబట్టి కొత్త దావాలో "భూమి మాది, ఆయన చేతిలోకి పోయింది, తిరిగి ఇప్పించండి" అని అడగొచ్చు. ఎప్పుడు పోయిందో చెప్పేది నీ సాక్ష్యం. మృగశిర ముగిసే వారం అని ఆరోజే నువ్వు చెప్పి ఉండకపోతే, విజయభాస్కర్ ఇప్పుడు "ఇరవై ఏండ్లనుంచి నాదే" అనేవాడు. మేము తిట్టుకున్న సాక్ష్యమే ఇప్పుడు మా చేతికి దొరికిన గట్టి కొమ్మ.

అత్తా, ఎట్ల చెప్పల్లో తెలియదు. బతికినన్నాళ్ళూ నీకు రుణపడి ఉంటాం అని సినిమాల్లో అంటారు. నాకు అది వద్దు. నీ పక్కన కూర్చుని సంకటి తిని, ఊరిబిండిలో కారం ఎక్కువయిందని నీతో తిట్లు తినాలని ఉండాది.

ఒకటే చిక్కు. దావా కాగితం మీద నాయన సంతకం పెట్టల్ల. అందులో, ఆ రెండేండ్లు బీడేనని, నువ్వు చెప్పింది నిజమని ఉంటాది.

నీ హేమ

*

తాడిపత్రి,
10 మార్చి 2025

హేమా పాపకు,

జాబు చించలేదు. నీ చేతిరాత ఉండేది చించుతానా? పెట్టెలో అడుగున పెట్టినా.

రోలు గీలు నాకు చెప్పొద్దు, అర్థమయింది. అర్థం కానిది ఒకటే, మీ నాయన ఎట్ల సంతకం పెడతాడు? వాణ్ణి చంకలో ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు తెలుసు. పదేండ్లు ఊర్లో, పెండ్లిండ్లలో, కల్లాల దగ్గర మా అక్క అబద్ధం చెప్పి ముంచిందని చెప్పుకున్న మనిషి. ఇప్పుడు కాగితం మీద కాదంటే వాని ముఖం యాడ పెట్టుకోవల్ల?

నేను ఒక దారి చెప్తా. భద్రమ్మకు వయసయింది, ఆ పొద్దు తెలియక ఏదో వాగింది, ఆయమ్మ మాట తప్పు అని రాసుకోండి. నేను ఏమీ అనుకోను. నాకేం పోయింది, ఈడ నన్ను ఎరిగినోళ్ళు సువార్త, రెండు కుక్కలు. చేను వస్తే చాలు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండాది, నీకు జ్ఞాపకమో లేదో. విత్తే గొర్రు కట్టిన దినం తొలి గింజ ఆడబిడ్డ చేత్తో పడల్ల. పండినా ఎండినా సరే. ఆ చేన్లో మా మేనత్త వేసింది, ఆయమ్మ తర్వాత నేను వేసినా. నేను పోయినాక ఇంటి దగ్గర ఎకరాలో ఎవరు వేస్తాండారో. నా మాట తప్పని రాసుకోండి, ఆ చేన్లో గొర్రు కడితే చాలు.

అత్త

*

అనంతపురం,
24 ఏప్రిల్ 2025

అత్తా,

ఇన్నాళ్ళు రాయలేదు, ఎందుకంటే రాయడానికి ఏమీ కాలేదు. నిన్న అయింది.

నువ్వు చెప్పిన దారి మేడమ్‌కు చెప్పినా. తల అడ్డం ఊపింది. "మీ అత్త అబద్ధం చెప్పిందని రాస్తే పాత తీర్పు తప్పు అన్నట్టు. అపీలుకు పోనోళ్ళు ఇప్పుడు అది తప్పు అనకూడదు. తీర్పు అడ్డం నిలబడేది సరిగ్గా అక్కడనే. మీ అత్త నిజం చెప్పిందని రాస్తే అడ్డం తొలిగిపోతాది" అనింది. చట్టం ఇంత తిక్కది, ఇంత మంచిది అని నాకు అప్పుడే తెలిసింది. నిన్ను అబద్ధాలమనిషివి అంటే వాకిట్లోనే పోతాం. నిన్ను నమ్మితేనే లోపలికి దారి.

నాయనకు చెప్తే నెలన్నర నాతో మాట్లాడలేదు. ఎండాకాలం సెలవులకు కోర్టు మూస్తారు, అంతలోపు వేయకపోతే చిక్కని మేడమ్ నాకు ఫోన్ మీద ఫోన్. చివరకు అమ్మే నాయనను బస్సెక్కించుకొని వచ్చింది. పందెం ఓడిన పుంజు మాదిరి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు.

మేడమ్ చదివింది. "2013 జూన్ మూడో వారంలో, వాది ఊర్లో లేనప్పుడు, ప్రతివాది ఆ భూమిని దున్ని ఆక్రమించినాడు. అంతకుముందు రెండేండ్లు భూమి బీడుగా ఉండింది. పాత దావాలో వాది సొంత అక్క భద్రమ్మ చెప్పిన సాక్ష్యం నిజం."

"ఆ ముక్క లేకుండా కాదా మేడమ్?"

"కాదు."

"మతిమరుపుతో చెప్పిందని..."

"హనుమంతరాయుడూ, ఆయమ్మకు మతిమరుపు ఉండాదా?"

నాయన లేచి బయటికి పోయినాడు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. అమ్మ ఊరుకుంటుందా? "పదేండ్లు ఆయమ్మను తిట్టేదానికి నోరు వచ్చింది, ఒక్క సంతకానికి చెయ్యి రాదా? బీడు అని నీకు తెలియదా? నువ్వు నాతోపాటు బెంగళూర్లో ఇసుక మోసినోడివే గదప్పా, ఈడ యాడ సేద్యం చేసినావు?"

బెంచీ మీద కూర్చున్న వేరే కక్షిదారులు కూడా నవ్వినారు. నాయన నవ్వలేదు. లోపలికొచ్చి కాగితం తిప్పి తిప్పి చూసినాడు.

"ఈ సొంత అనే మాట ఎవరు రాసినారు?"

నేనే అన్నా. వట్టి అక్క అని ఉంటే చాలు, చట్టానికి సొంత అవసరం లేదు. నేనే చేర్చినా.

పెన్ను మూత తీసినాడు. "ఉండనీ" అన్నాడు. సంతకం పెట్టినాడు.

దావా ఈ పొద్దు వేసినాం. నాకు జీతం వస్తాంది గదా, నీకు చెవి మిషన్ కొనిస్తా. కాదనొద్దు.

హేమ

*

తాడిపత్రి,
3 మే 2025

పాపా,

ఎండలు పేలుతాండాయి. మిషన్ దగ్గర తడి బండ మీద చెయ్యి పెడితే అదే మాకు ఊటీ.

నీ జాబు సువార్తకు చదివి వినిపించినా. నా గొంతు నాకు వినపడదు గనక గట్టిగానే చదివినట్టుండాను, వీధిలో అందరూ విన్నారంట. "సొంత" కాడికి వచ్చేసరికి ఆగిపోయినా. సువార్త కాగితం తీసుకుని మిగతాది తానే చదువుకునింది. "ఉండనీ" అనే మాటను నాకు వేలితో చూపించింది, నేను చూడలేదనుకుని.

నీకు పుణ్యముంటాది తల్లీ. మీ అమ్మకు కూడా చెప్పు. ఓబులమ్మ నోరు గయ్యాళి నోరని అందరూ అంటారు, ఆ నోటికి నేను దండం పెడతాండా.

చెవి మిషన్ వద్దు. మిషన్ల సద్దు చాలా విన్నా. ఆ దుడ్లతో నువ్వు ఇంకేమన్నా చదువుకో. లాయరు చదువు చదివితే నేను ఉండంగానే చదువు.

అత్త

*

అనంతపురం,
22 నవంబర్ 2025

అత్తా, అత్తా,

నిలబడింది! కేసు నిలబడింది!

విజయభాస్కర్ లాయరు వస్తూనే అర్జీ పెట్టినాడు. ఇదంతా 2016లోనే ముగిసిపోయింది, మళ్ళీ వినకూడదు, కొట్టేయండి అని. ముందు ఆ ఒక్క ప్రశ్న తేల్చమన్నాడు. వాయిదా మీద వాయిదా నడిచి నిన్న తేలింది. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడినా.

పోయిన వాయిదాలో జడ్జిగారు ఆ లాయరును అడిగినారు, "భూమి ఎవరిదని పాత తీర్పులో రాసినారా? ఆ పేజీ చూపించండి" అని. ఆయన పేజీలు తిప్పినాడు, తిప్పినాడు, కండ్లద్దాలు తుడుచుకుని మళ్ళీ తిప్పినాడు. లేని దాన్ని యాడ చూపిస్తాడు?

నిన్న ఉత్తర్వు చదివినారు. పాత దావాలో తేలింది స్వాధీనం ఒక్కటే, హక్కు తేలలేదు. ఆ తేలినదాన్ని వాది ఇప్పుడు కాదనడం లేదు, ఒప్పుకునే వచ్చినాడు. కాబట్టి పాత తీర్పు ఈ దావాకు అడ్డం కాదు, విచారణ నడవల్ల. "ఒప్పుకునే వచ్చినాడు" అన్నప్పుడు నాయన తల వంచుకున్నాడు. సిగ్గుతోనా ఇంకెందుకో నాకు తెలియలేదు.

భూమి ఇంకా రాలేదు, అది మర్చిపోకు. ఇంక అసలు విచారణ. బయట విజయభాస్కర్ ఎదురుపడి, "ఏం హనుమంతరాయుడూ, సంబరమా? ఇంకో పదేండ్లు తిప్పుతా నిన్ను" అన్నాడు. నాయన అన్నాడు, "తిప్పప్పా. ఈసారి మేము ఊర్లోనే ఉంటాం."

బస్సులో నాయన కిటికీ దిక్కే చూస్తా కూర్చున్నాడు. బుక్కరాయసముద్రం దాటినాక, ఉన్నట్టుండి "తాడిపత్రికి పొద్దున బస్సు ఎన్నింటికి?" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, చెప్పినా. ఇంటికి పోయినాక గోనెసంచి దులుపుతా కనపడినాడు.

ఈ జాబు కంటే ముందు ఆయనే నీ దగ్గరికి చేరతాడు. నీ చెవుల సంగతి నేను చెప్పలేదత్తా, ఒట్టు పెట్టినాను గదా. చెప్పి ఉండాల్సిందేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. వాకిట్లో నిలబడి "అక్కా" అని పిలిస్తే నువ్వు పలకకపోతే, ఇంకా కోపంగా ఉండావనుకుని వెనక్కి తిరిగిపోతాడేమో. అట్ల జరిగుంటే తప్పు నాదే, వెంటనే రాయి.

హేమ

*

తాడిపత్రి,
1 డిసెంబర్ 2025

మా హేమా పాపకు,

ఈడ గోడ పక్కన నేనే పెట్టిన డిసెంబరాలు విచ్చుకున్నాయి. ఊదావే.

మీ నాయన వచ్చినాడు. వెనక్కి తిరిగిపోలేదు. నేను అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా తల ఎత్తితే వాకిట్లో నిలబడి ఉండాడు. ఎంతసేపటినుంచి నిలబడినాడో, ఎన్నిసార్లు పిలిచినాడో ఆ దేవునికే తెలియల్ల. వెంట్రుకలు నెరిసినాయి వానికి. నేను చూడనేలేదు అవి నెరిసేది.

సంచిలో పచ్చి చెనిక్కాయలు తెచ్చినాడు, ఇంటి ఎకరాలో పీకినవి. ఉడకేసినా. ఇద్దరం గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు మొదలుపెట్టినాడు. నా దిక్కు చూడలేదు పాపా, గోడ దిక్కు తిరిగి మాట్లాడినాడు. నాకు వాని చెంప, చెవి తప్ప ఏమీ కనపడలేదు. పెదవులు కనపడితే రెండు మాటలన్నా తెలిసేవి. చాలాసేపు చెప్పినాడు. మధ్యలో ఆగినాడు, పై గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ చెప్పినాడు. వాడు అంతసేపు మాట్లాడింది నేను ఎప్పుడూ చూడలేదు.

ఒక్క అక్షరం వినపడలేదు నాకు.

భుజం తట్టి, "నాకు వినపడదప్పా, ఇట్ల తిరిగి మళ్ళీ చెప్పు" అనొచ్చు. మళ్ళీ చెప్పగలడా? పదేండ్లు పట్టింది ఒకసారి చెప్పేదానికి. అందుకని వాడు ఆగినప్పుడల్లా తల ఆడించినా. "ఆ, సరే" అన్నా. ఫోన్లో నీకు చెప్పినట్టే.

లేచేటప్పుడు జేబులోనుంచి చిన్న గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసినాడు. గట్టి కాయలు, ఏరి ఏరి పెట్టినవి, విత్తనానికి. ఆ చేను వచ్చేదెప్పుడో, తొలి గింజ పడేదెప్పుడో. పెట్టెలో నీ జాబుల పక్కన పెట్టినా, పురుగు పట్టకుండా వేపాకు వేసి.

ఏమేం చెప్పినాడో నువ్వు వాణ్ణి అడిగి నాకు రాయొద్దు. నాకు వినపడలేదని వానికి చెప్పొద్దు. కోర్టులో బోనెక్కి చెప్పలేకపోయిన అబద్ధం ఈడ అరుగు మీద కూర్చుని చెప్పినా. దీనికి నేను సాక్ష్యానికి రాను.

సంక్రాంతి కాదు గింక్రాంతి కాదు, ఊరికే ఒక ఆదివారం చూసుకుని నువ్వు రా. ఊరిబిండి నూరి పెడతా. కారం ఎక్కువే వేస్తా.

మీ సొంత అత్త,
భద్రమ్మ